మూడు నెలల పిండి ఒకేసారి పట్టించకు

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

బుజ్జిగాడికి ఆరు నెలలు నిండాయని, బజారు డబ్బాలు కొనకుండా ఇంట్లోనే రాగిమాల్టు చేస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఉద్యోగం చేస్తూ ఇంత ఓపిక ఎక్కడిదే నీకు అని మురిసిపోయాను. మూడు నెలలకు సరిపడా ఒకేసారి పట్టిస్తావట కదా. మూడు నెలలా! అందుకే ఈ ఉత్తరం.

రాగులు కడిగి, నానబెట్టి, గుడ్డలో మూట కట్టడం నీకు తెలిసిందే. మొలక తెల్లగా కనబడగానే ఆరబెట్టు. గలగలలాడేలా ఎండాక దోరగా వేయించి, నలిపి, మొలకలు చెరిగెయ్. మొలకెత్తిన గింజల పిండితో జావ పలచబడుతుంది, అందుకే అదే గిన్నెలో పిండి ఎక్కువ వెయ్యొచ్చు. వాడి పొట్ట పిడికెడంత. నీళ్ళతో నింపితే బలమెక్కడిది? చెంచా వంచితే కారిపోకూడదు, మెల్లగా జారాలి. రెండు చుక్కలు నెయ్యి వెయ్. నీ పాలు మాన్పించకు. మెదిపిన పప్పన్నం కూడా అలవాటు చెయ్.

మరకు వెళ్ళినప్పుడు ముందు ఏం పట్టారో అడుగు. మిరపకాయలైతే వెనక్కి వచ్చెయ్.

ఇక డబ్బా సంగతి. నీ చిన్నప్పుడు ఓ వానాకాలంలో మీ నాన్నే మరకు వెళ్ళాడు. రాగులింకా మెత్తగానే ఉన్నాయిరా అని నాయనమ్మ అంటున్నా వినలేదు. కాలిపోతున్న పిండిని అలాగే డబ్బాలో కూరి, పురుగు పట్టకూడదని మూత బిగించాడు. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాడు! ఆ వేడికి మూత లోపల చెమట పట్టి పిండిలోకి దిగింది. కొన్నాళ్ళకు తీస్తే ముక్కవాసన, అడుగున ఉండలు. ఇంత పిండి పారబోస్తామా అని జల్లించి, ఎండలో పోసి, మళ్ళీ నీకే కాచారు. విరేచనాలతో నీ కళ్ళు పీక్కుపోయాయి. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని ఓఆర్ఎస్ చెంచాతో పోస్తూ కూచున్నాను. మీ నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాడు. నేను చెప్పానని అనకు. బూజు విషం జల్లెడకూ ఎండకూ పోదమ్మా.

పదిహేను రోజులకు సరిపడా చేసుకో, చాలు. పిండి గుడ్డ మీద పరిచి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యి. తడి చెంచా పెట్టావంటే ఊరుకోను. మిగిలిన జావ నువ్వు తాగెయ్, సాయంత్రానికి దాచకు. ఉప్పు, పంచదార, తేనె ఏడాది నిండేదాకా వద్దు. తేనె నాకించమని మీ అత్తగారంటే డాక్టరు వద్దన్నారని చెప్పు, గొడవుండదు. అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తే నామోషీ పడకుండా తెచ్చుకో.

ఏడాది దాటాక హైదరాబాద్ మిక్స్ చేద్దువుగాని. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క అది: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. దాన్లో 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేరుశనగలు మాత్రం నువ్వు కొనకు. తేమ తగిలి నల్లబడ్డవి, ముడుచుకున్నవి సంచిలో కలిసిపోయి ఉంటాయి, ఆ బూజు కాలేయానికే చేటు. నేను ఒక్కొక్కటీ ఏరి మీ నాన్నతో పంపిస్తాను.