ఆర్కిటిక్ దారి గాదంకి మీదుగా

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. బీఈడీ చెయ్యమంటే వినడం లేదు. ఆర్కిటిక్ గాలిలోని వాయువులు కొలిచే పరిశోధన చేస్తానంటోంది. అదీ ఒక ఉద్యోగమేనా? ఒక్కగానొక్క పిల్లను మంచులోకి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, అరండల్‌పేట

జవాబు: ఉద్యోగమేనండీ. మీరు భయపడేంత మంచు మాత్రం అందులో లేదు. ఎక్కువ కాలం కంప్యూటర్ ముందే గడుస్తుంది. ఉపగ్రహాల డేటాతోనే పీహెచ్‌డీ ముగించేవాళ్లూ ఉన్నారు, ధ్రువం మొహం చూడకుండానే.

అక్కడేం కొలుస్తారో వింటే మీకూ ఆసక్తి పుట్టొచ్చు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి మన హిమాద్రి కేంద్రం ఉంది. అక్కడ అక్టోబరు చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ వచ్చేది ఫిబ్రవరిలోనే. ఆ చీకట్లో స్ట్రాటోస్ఫియర్ అనే పై గాలి పొర మైనస్ 78 డిగ్రీల కన్నా చల్లబడితే ప్రత్యేకమైన మేఘాలు పుడతాయి. పాత ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ అనే వాయువుల తాలూకు క్లోరిన్ వాటి మీద రూపు మార్చుకుని, ఎండ తగలగానే, హానికర కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్‌ను తినెయ్యడం మొదలెడుతుంది. 2011, 2020 వసంతాల్లో ఓజోన్ అలాగే బాగా పడిపోయింది. ఈ కొలతలకు వసంతం అంత ముఖ్యం కావడం అందుకే. చాలా పరికరాలకు దీపం కూడా సూర్యుడే. ఒక్కో వాయువు ఎండలోంచి తనవైన తరంగదైర్ఘ్యాలను మింగుతుంది. ఎంత మింగిందో చూసి, గాలిలో ఎంతుందో లెక్కగడతారు. గుంటూరు ఎండను తిట్టుకుంటూ పెరిగిన పిల్ల అక్కడ ఎండ కోసం కాచుకోవాలి మరి!

ధ్రువం కన్నా ముందు గాదంకి ఉంది. తిరుపతి దగ్గర ఆ ఊళ్లో అంతరిక్ష శాఖ నడిపే వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో మన నెత్తిమీది గాలినే చదువుతారు. ఎమ్మెస్సీకి ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్ రాయొచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మెటియరాలజీ, ఓషనోగ్రఫీ (వాతావరణ, సముద్ర శాస్త్రాల) విభాగమే ఉంది. తర్వాత పీహెచ్‌డీ కోసం నెట్ లేదా గేట్ పరీక్ష. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. మన ఆర్కిటిక్ యాత్రలు నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం.

చేదు మాటా చెప్పాలి. పర్మనెంట్ పోస్టు చేతికొచ్చేసరికి ముప్పై దాటొచ్చు, ఖాళీలూ తక్కువే. పెళ్లి మాట మీరు ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తను.

ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. నాసా ఓజోన్ డేటా ఉచితంగా దొరుకుతుంది. 2019, 2020 మార్చి నెలల ఆర్కిటిక్ అంకెలు తీసి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రాఫ్ గీసి మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. రెండు వారాలు విసుక్కోకుండా కూర్చుంటే జామ్‌కు దరఖాస్తు పెట్టనివ్వండి. విసుగొస్తే తనే చెబుతుంది, బీఈడీకి అప్పుడైనా వెళ్లొచ్చు.