'గోన గన్నారెడ్డి' నచ్చినందుకు సిగ్గుపడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. అడివి బాపిరాజు నవల 'గోన గన్నారెడ్డి' పట్టుకుని తెల్లవారేదాకా వదల్లేకపోయానన్నావు. సంతోషం. మరి ఆ సంజాయిషీ ఎందుకు? "నేను మామూలుగా ఇలాంటివి చదవనండీ" అని పేజీకోసారి రాశావు. హాస్టల్ గదులూ, కాంట్రాక్టు ఉద్యోగాలూ, అద్దె బాకీలూ రాసే మనిషికి రాజులూ గుర్రాలూ ప్రేమలూ నచ్చడం నేరమైనట్టు! మీ సాహిత్య మిత్రులకు చెప్పొద్దని కూడా అడిగావు. చెప్పన్లే.

ఎందుకు నచ్చిందో మాత్రం తేల్చుకో. వర్ణనలు బాగున్నాయన్నావు, నేను ఒప్పుకోను. బాపిరాజు చిత్రకారుడు కూడా కదా, నగలూ రంగులూ కనిపిస్తే చెయ్యి ఆగదు. అందరూ అందగాళ్లే, అందరూ అందగత్తెలే. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను, నువ్వూ తిప్పేసే ఉంటావు. నిన్ను మేలుకోబెట్టింది వేరే.

పెళ్లికొడుకును ఎత్తుకుపోయిన గజదొంగ గన్నారెడ్డి మీదే పెళ్లికూతురు అన్నాంబిక మనసు పడుతుందని నువ్వు ముందే పసిగట్టి ఉంటావు. వాళ్లిద్దరూ కలుస్తారనీ తెలుసు. అయినా చదివావు. ప్రేమ నవలలో ఏం జరుగుతుందన్న ప్రశ్న మొదట్లోనే తీరిపోతుంది, ఎలా జరుగుతుందన్న దాని మీదే అంతా నడవాలి. నీ కథల్లో అసలు సంగతిని ఆఖరి పేరా దాకా దాస్తావు. ముందే చెప్పేస్తే ఇంకేం టెన్షన్ మిగులుతుందో ఒకసారి చూసుకో.

ఇంకో సంగతి. నా లెక్కలో ఇదే పెద్దది. ఆ నవలలో ప్రేమకు అడ్డొచ్చేది ఎవరి అపార్థమో కాదు, ఆ కాలమే. కొడుకులు లేని కాకతీయ రాజు గణపతిదేవుడు కూతురు రుద్రమదేవికి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. మగవాడిలా గద్దె మీద కూర్చోవలసిన మనిషి ఒకణ్ని ప్రేమిస్తే, చూపు కూడా రాజ్య వ్యవహారమే అవుతుంది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త అన్నది చరిత్ర. ఆ పెళ్లిదాకా నడిచిన దారి నవలాకారుడి సొత్తు. నీ కథల్లో జంటలు ఒక మెసేజ్ చూసుకోక విడిపోతారు. కులం, ఇల్లు అద్దెకివ్వని ఓనరు, వీసా గడువు నీ చుట్టూనే ఉన్నాయి. వాటిని పక్కింటి శబ్దంలా వాడుకుని వదిలేస్తున్నావు.

అలాగని దాన్ని చరిత్ర పుస్తకమనుకుని ఎవరితోనూ వాదనకు దిగకు. 1289 నాటి చందుపట్ల శాసనం ఉంది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని చేసిన భూదానం అది. ఆమె చనిపోయిన కాలాన్ని చరిత్రకారులు దాన్నిబట్టే లెక్కగట్టారు. రాయచూరు కోటలో 1294 నాటి శాసనంలో గోన గన్నయ పేరుంది. ఎవరు దానం చేశారు, ఎవరు గోడ కట్టారు అన్నంత వరకే ఆ రాళ్లు చెబుతాయి. ఎవరి కోసం ఎవరు నిద్ర మానుకున్నారో చెక్కించే ఆచారం లేదు. బాపిరాజుకు చోటు దొరికింది అక్కడే.

నీకూ అలాంటిదొకటి రాయాలనిపిస్తోందని చివర్లో గొణిగినట్టు రాశావు. రాయి. కత్తియుద్ధంతో మాత్రం మొదలుపెట్టకు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చదువు. అంతకు ముందటి రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారట. తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఈయన మాటిచ్చాడు. దేనికెంత సుంకమో కూడా రాయించాడు. గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పోకలు. రేవులో ఏం వాసన వస్తుందో ఊహించుకోవడానికి నీకు ఇంకేం కావాలి? నేనైతే కథను ఆ అభయం రాకముందు ఏడాదిలో పెడతాను. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుడి కొడుకు, ఆ సరుకును రాజు పేరున జప్తు చేసే అధికారి కూతురు. విలన్ అక్కర్లేదు. ఆ తండ్రి తన పని తాను చేస్తున్నాడంతే.

ఇది మొదలుపెట్టేలోపు విశ్వనాథ సత్యనారాయణ నవల 'ఏకవీర' కూడా చదివెయ్. మధుర నాయకరాజుల కాలం. ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకడు ప్రేమించిన పిల్లను రెండోవాడు పెళ్లాడతాడు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. విశ్వనాథ అక్కడ ఎవరినీ కాపాడడు. అది పూర్తయ్యాక ఉత్తరం రాసే ఓపిక ఉండదు నీకు, ఫోన్ చెయ్యి. రాత్రి పది దాటితే మాత్రం నేను ఎత్తను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ