చల్లారనివ్వు, అమ్మాయీ

అమ్మాయీ,

బాయిలర్ పైపుల వెల్డింగ్‌లోకి, అదీ పీ91 ఉక్కు మీదికి నిన్ను తీసుకున్నారని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. అబద్ధమెందుకు, సగం భయంతో.

ఎలక్ట్రోడ్లను ఓవెన్‌లో ఆరబెట్టుకో. తేమలోని హైడ్రోజన్ పగుళ్లు తెస్తుంది. పైపును 200 డిగ్రీలకు వేడిచేశాకే ఆర్క్ మొదలుపెట్టు. జడ లోపలికి దోపుకో, నవ్వకు.

ఇక అసలు సంగతి. 9 శాతం క్రోమియం ఉన్న ఆ ఉక్కు చల్లబడేటప్పుడు వేడిలో ఉండే ఆస్టెనైట్ రూపం నుంచి గట్టిదైన మార్టెన్‌సైట్ రూపానికి మారుతుంది. మార్పు దాదాపు 400 డిగ్రీల దగ్గర మొదలైనా, పూర్తయిందని నమ్మాలంటే 100 కిందికి దిగాలి. ఇది నాకు తెలియక కాదు. ఒక రాత్రి షిఫ్టులో ఆలస్యమైంది, జాయింటు ఇంకా 250 దగ్గరుంది. చల్లారిస్తే పగులుతుందేమోనన్న బెదురు ఒకటి, ఇల్లు చేరాలన్న ఆత్రం ఒకటి. టెంపర్ చేద్దామని, అంటే మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గిద్దామని, హీటింగ్ కాయిళ్లు చుట్టించి అలాగే 760కి తీసుకెళ్లాను. వేడిని గీసే చార్టులో గీత తీర్చిదిద్దినట్టు వచ్చింది, మురిసిపోయాను. మర్నాడు హార్డ్‌నెస్ చూస్తే మెత్తబడాల్సిన చోట రాయి! మారకుండా మిగిలిపోయిన ఆస్టెనైట్ ఆ 760 వేడిలో టెంపర్ కాదు. తర్వాత చల్లారుతూ పచ్చి మార్టెన్‌సైట్ అయింది, గట్టిదే కానీ పెళుసు. చార్టు అబద్ధం చెప్పలేదు, నేనే ఇంకా పూర్తిగా మారని లోహాన్ని కాల్చాను. జాయింటు కోయించారు. ఆ ముక్క చాలా ఏళ్లు నా పనిముట్ల పెట్టెలోనే ఉంది.

నీకూ నా తొందరే వచ్చింది. చిన్నప్పుడు బొమ్మకు వేసిన రంగు ఆరకముందే వేలు పెట్టి చూసి, చెరిగిందని నువ్వే ఏడ్చేదానివి. ఇప్పుడు కూడా వేలు పెడతావనే నా బెంగ. అలాగని చల్లార్చి రోజుల తరబడి వదిలేయకు. టెంపర్ కాని జాయింటుకు తేమ తగిలినా పగుళ్లు రావచ్చు.

వేడి కొలిచే థర్మోకపుల్ ఒక్కటే పెట్టి ఊరుకోకు. ఒక పక్క 760 చూపుతుంటే ఇంకో పక్క 800 దాటి ఉండొచ్చు. అక్కడ మళ్లీ ఆస్టెనైట్ పుడుతుంది, మళ్లీ అదే కథ. ఎలక్ట్రోడ్‌లో నికెల్, మాంగనీస్ ఎక్కువైతే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా వెల్డు పక్కన సన్నటి రేణువుల పట్టీ ఒకటి మిగులుతుంది. ఏళ్ల తరబడి వేడిలో, ఒత్తిడిలో నలిగాక క్రీప్ పగులు, అంటే లోహం మెల్లమెల్లగా సాగి వచ్చే పగులు, సాధారణంగా అక్కడే పుడుతుంది. దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు.

మొదటి జాయింటు హార్డ్‌నెస్ రాగానే ఫోను చెయ్యి. ముందు అంకెలు చెప్పు, కుశల ప్రశ్నలు తర్వాత.

మీ పెదనాన్న