ఆర్మీ రిజర్వ్ మధ్యలో మానేయాలనుకుంటున్నారా? బోనస్ ఒక్కటే లెక్క కాదు

ప్రశ్న: నా వయసు 27. అమ్మానాన్నలతో పాటు గ్రీన్ కార్డు వచ్చింది. 2021 సెప్టెంబరులో అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో, అంటే ఉద్యోగం చేసుకుంటూనే పనిచేసే పార్ట్‌టైమ్ సైన్యంలో, ఆరేళ్ల ఒప్పందం మీద చేరాను. సైన్యంలో ఉన్నందువల్ల పౌరసత్వం త్వరగా వచ్చింది. 20,000 డాలర్ల బోనస్‌లో ఇప్పటికి 15,000 ఇచ్చారు, పన్ను పోను 11,700 చేతికొచ్చింది. చేరినప్పుడు హ్యూస్టన్‌లో ఉండేవాణ్ని, ఇప్పుడు ఉద్యోగం డాలస్‌లో. యూనిట్ మాత్రం అక్కడే ఉంది. నెలకో వీకెండ్ డ్రిల్‌కు (సైనిక శిక్షణకు) వెళ్తే వచ్చే 450 డాలర్లలో సగం గ్యాస్‌కు, హోటల్‌కు పోతోంది. నేను లేని రోజుల్లో ఆన్‌కాల్ ఎవరు చూస్తారని మేనేజరు సణుగుతున్నాడు. నా భార్యకు ఇప్పుడు నాలుగో నెల. వచ్చే ఏడాది డాలస్ దగ్గరి మెలిస్సా ఊరి వైపు 4,50,000 డాలర్లలో ఇల్లు కొనాలని ఉంది. డ్రిల్‌కు వెళ్లడం మానేస్తే వాళ్లే పంపించేస్తారని, బోనస్ కొంత వెనక్కి కడితే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఎంత కట్టాలి? మానేయడం మంచిదేనా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు మీరు అడిగిన లెక్కే చూద్దాం, ఎందుకంటే ఇందులో అన్నిటికంటే చిన్నది అదే. బోనస్ ఇచ్చింది ఆరేళ్లకు, అంటే 72 నెలలకు. మీరు పూర్తి చేసింది 48 నెలలు. ఆ మేరకు మీరు సంపాదించుకున్నది 13,333 డాలర్లు. ఇప్పటికి తీసుకున్నది 15,000. తేడా 1,667. ఈ రోజు బయటికి వస్తే వెనక్కి అడిగేది సుమారుగా ఇంతే. ఇంకా రావాల్సిన 5,000 మాత్రం రాదు.

చిన్న చిక్కు ఉంది. మీకు చేతికొచ్చింది 11,700 అయినా వాళ్లు లెక్క కట్టేది 15,000 మీదే. పాత ఏడాదుల్లో తీసుకున్న సొమ్మును తిరిగి కట్టేటప్పుడు పన్నుతో కలిపి కట్టాలి. ఆ పన్నును మీరే తర్వాత రిటర్నులో రాబట్టుకోవాలి. అయితే తిరిగి కట్టే మొత్తం 3,000 డాలర్లు దాటితేనే ఆ వెసులుబాటు. మీది 1,667 కాబట్టి దానిమీద కోసిన 22 శాతం, అంటే దాదాపు 367 డాలర్లు, పోయినట్టే. ఇది కట్టకుండా వదిలేద్దామనుకుంటే కుదరదు. మీకు రావాల్సిన ట్యాక్స్ రీఫండ్‌ను పట్టుకుంటారు, క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కిస్తారు. ఇల్లు కొనబోయే ముందు అలాంటి మచ్చ ఎవరికీ వద్దు.

ఇక అసలు సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అది ప్రమాదం. డ్రిల్‌కు రాని వాళ్లను కొన్ని యూనిట్లు చూసీచూడనట్టు వదిలేసి, డ్రిల్ లేని జాబితాలోకి, అంటే ఐఆర్‌ఆర్‌లోకి నెట్టేసిన సందర్భాలు ఉన్నాయి. అలా బయటపడ్డ వాడొకడు తన కథ పదిమందికి చెబుతాడు. అంత తేలిగ్గా బయటపడని వాడు నోరు విప్పడు. ఇలాంటి విషయాల్లో వాట్సాప్ గ్రూపు సలహా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

నిబంధన ఏం చెబుతుందో చూడండి. ఒక వీకెండ్ అంటే నాలుగు పూటల డ్రిల్. ఏడాదిలో అనుమతి లేకుండా తొమ్మిది పూటలు మానితే మిమ్మల్ని 'సరిగా హాజరు కానివాడు' కింద లెక్కేయొచ్చు. రెండు వీకెండ్లు ఎగ్గొడితే ఎనిమిది పూటలు. మూడో వీకెండ్ శనివారం పొద్దునకే తొమ్మిదో పూట పడుతుంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది పైఅధికారుల చేతుల్లో ఉంటుంది. ర్యాంకు తగ్గించొచ్చు, ఐఆర్‌ఆర్‌కు పంపొచ్చు, లేదా డిశ్చార్జ్ చేయొచ్చు. ఆ డిశ్చార్జ్ కాగితం మీద 'అదర్ దాన్ హానరబుల్', అంటే గౌరవప్రదం కానిది, అని రాస్తే మీకు బోనస్‌ను మించిన సమస్య మొదలవుతుంది.

ఎందుకంటే మీ పౌరసత్వం సైన్యం దారిలో వచ్చింది. ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది. గౌరవప్రదంగా మొత్తం ఐదేళ్లు సేవ చేయకముందే 'అదర్ దాన్ హానరబుల్' పరిస్థితుల్లో సైన్యం నుంచి బయటికి వస్తే, ఇచ్చిన పౌరసత్వాన్ని రద్దు చేయడానికి ప్రభుత్వానికి అవకాశం ఉంది. 2003 నవంబరు 24 నుంచి ఈ దారిలో పౌరసత్వం తీసుకున్న వాళ్లకు ఇది వర్తిస్తుంది. దానంతటదే రద్దయిపోదు, దానికి వేరే చట్టపరమైన ప్రక్రియ ఉంటుంది. నాలుగో నెల గర్భిణి ఉన్న ఇంట్లో టెన్షన్ పెంచడం నా ఉద్దేశం కాదు. కానీ మీకు నాలుగేళ్లే అయ్యాయి, ఐదు కాలేదు. 1,667 డాలర్ల గురించి ఆలోచిస్తూ ఈ షరతును మర్చిపోవడం మాత్రం సరికాదు. దీనిమీద ఖచ్చితమైన మాట చెప్పాల్సింది నేను కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరు. సైనిక కేసులు చూసిన లాయరును ఒక గంట సంప్రదించడానికి అయ్యే ఖర్చు ఈ వ్యవహారం మొత్తంలో మీరు పెట్టే అత్యంత తెలివైన ఖర్చు.

మీ ఇంటి కలకు కూడా దీనితో నేరుగా సంబంధం ఉంది. మాజీ సైనికుల శాఖ (వీఏ) హామీతో వచ్చే గృహరుణం గురించి మీరు మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయలేదు. బహుశా అది యుద్ధానికి వెళ్లొచ్చిన వాళ్లకే అనుకుంటున్నారేమో. డిప్లాయ్‌మెంట్ లేకపోయినా, డ్రిల్ చేసే రిజర్వ్‌లో ఆరేళ్లు పూర్తి చేసి గౌరవప్రదంగా ఉన్నవాళ్లకు ఆ అర్హత వస్తుంది. ఆరేళ్లు. నాలుగు కాదు, ఐదున్నరా కాదు. అదొస్తే 4,50,000 ఇంటికి డౌన్ పేమెంట్ అక్కర్లేదు, మీరు అప్పు కట్టకపోతే బ్యాంకు నష్టపోకుండా మీ చేత నెలనెలా కట్టించే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ కూడా ఉండదు. మొదటిసారి వాడుకుంటే 2.15 శాతం ఫీజు, అంటే 9,675 డాలర్లు, దాన్ని రుణంలో కలిపేసుకోవచ్చు. మామూలు రుణంలో 5 శాతం డౌన్ అంటేనే 22,500 సిద్ధం చేసుకోవాలి, పైగా ఆ ఇన్సూరెన్స్ కట్టాలి. ఆ ఇన్సూరెన్స్ వద్దనుకుంటే 20 శాతం, అంటే 90,000 పెట్టాలి. వీఏ రుణం ప్రతిసారీ చవకే అని నేను అనను, వడ్డీ రేట్లు పక్కపక్కన పెట్టి చూడాలి. కానీ బిడ్డ పుట్టబోయే ఇంట్లో 22 వేలో 90 వేలో బ్యాంకులోనే ఉండటానికీ, ఇంటికి పోయడానికీ చాలా తేడా ఉంది. నన్నడిగితే ఇంటిని 2027 చివరకు జరపమంటాను. అప్పటిదాకా అద్దె ఇంట్లో ఉంటే పరువేం పోదు. మెలిస్సాలో ఇళ్లు ఎక్కడికీ పోవు.

ఆరోగ్య ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయలేదు గానీ, చాలామంది రిజర్విస్టుల్లాగే మీరూ సైన్యం తరఫున వచ్చే ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ ప్లాన్‌లో ఉన్నారనుకుని చెబుతున్నాను. 2025లో కుటుంబానికి నెలకు 274.48 డాలర్లు. మీ కంపెనీ ప్లాన్‌లో భార్యను చేర్చుకుంటే ఎంత కోస్తారో హెచ్‌ఆర్‌ను అడగండి. నెలకు 600 అంటే ఏడాదికి దాదాపు 3,900 తేడా. డ్రిల్ రిజర్వ్ నుంచి తప్పుకోగానే ట్రైకేర్ ఆగిపోతుంది. కంపెనీ ప్లాన్‌లో చేరడానికి సాధారణంగా 30 రోజుల గడువే ఉంటుంది, అది దాటితే మళ్లీ ఏడాదికోసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. ప్రసవానికి ముందు ప్లాన్ మారితే డిడక్టిబుల్, అంటే బీమా ఇవ్వడం మొదలయ్యేలోపు మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం, మళ్లీ మొదటి నుంచి లెక్క. డాక్టరు కొత్త నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ తలనొప్పి అదనం. ఏం చేసినా సరే, కాన్పు అయ్యేదాకా ఈ కవరేజీని కదపకండి.

జీవిత బీమా కూడా అంతే. సైన్యం ఇచ్చే ఎస్‌జీఎల్‌ఐలో 5 లక్షల డాలర్ల కవరుకు 2025 జులై నుంచి నెలకు 26 డాలర్లు. బయటికి వచ్చాక 120 రోజులు ఉచితంగా కొనసాగుతుంది, 240 రోజుల్లోపు ఆరోగ్య ప్రశ్నలు లేకుండా మరో పాలసీగా మార్చుకోవచ్చు. మీ వయసుకు బయట టర్మ్ పాలసీ తేలిగ్గానే దొరుకుతుంది. బయటికి వచ్చాక కాదు, ఉండగానే తీసుకోండి. రిటైర్మెంట్ ఖాతా టీఎస్‌పీలో ఉన్నది మీదే, రెండేళ్లు దాటాయి కాబట్టి ప్రభుత్వం వేసిన 1 శాతం కూడా మీదే. దాన్ని మాత్రం నగదుగా తీసుకోవద్దు.

ఇవన్నీ కలిపి చూస్తే మిగిలిన రెండేళ్లలో మీరు వదులుకునేది ఇదీ: బోనస్‌లో 5,000, డ్రిల్ జీతం, వేసవి రెండు వారాల శిక్షణ జీతం కలిపి ఏడాదికి 7 వేల లెక్కన 14 వేల దాకా, ఇన్సూరెన్స్ తేడా 7 వేలకు పైన, ఆ పైన వీఏ రుణం. వదిలేస్తే మీకు దక్కేది నెలకో వీకెండ్. వీకెండ్‌కు విలువ లేదనడం లేదు, రేపు పసిబిడ్డ ఉన్నప్పుడు అది ఎంత విలువో నాకు తెలుసు. కానీ మీ ఉత్తరం మళ్లీ చదివితే నాకు కనిపించేది సైన్యం మీద విసుగు కాదు, హ్యూస్టన్ దారి మీద విసుగు. రానుపోను దాదాపు 480 మైళ్లు.

దానికి మందు వేరు. డాలస్, ఫోర్ట్‌వర్త్ చుట్టుపక్కల ఆర్మీ రిజర్వ్ యూనిట్లు చాలానే ఉన్నాయి, గ్రాండ్ ప్రెయిరీలో పెద్ద కేంద్రమే ఉంది. మీ ర్యాంకుకు, మీ పనికి సరిపడే ఖాళీ ఉంటే బదిలీ అడగొచ్చు. ఇక్కడొక జాగ్రత్త. బోనస్ ఏ పనికోసం ఇచ్చారో ఆ పనిలోనే ఉండాలన్న షరతు మీ ఒప్పందంలో ఉంటుంది. 'ఇక్కడ ఖాళీ ఉంది, కాకపోతే వేరే పని' అని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఆ కాగితం చదవండి. బదిలీ అయ్యేదాకా, ఇంటికి 100 మైళ్లు దాటి రాత్రి ఉండాల్సి వచ్చే డ్రిల్ ప్రయాణాన్ని పన్నులో చూపించుకోవచ్చు, ఖర్చుల లెక్క చూపకుండా స్టాండర్డ్ డిడక్షన్ (స్థిర మినహాయింపు) తీసుకునేవాళ్లు కూడా. 2025లో మైలుకు 70 సెంట్లు. 480 మైళ్లకు 336, పన్నెండు సార్లకు 4,032 డాలర్లు. 22 శాతం స్లాబులో ఉంటే 880 దాకా మిగులుతుంది, హోటల్ ఖర్చు వేరే. మీరు దీన్ని ఇప్పటిదాకా చూపించలేదని నా అనుమానం. మూడేళ్ల లోపు రిటర్నులైతే సవరించుకోవచ్చు.

మేనేజరు సణుగుడు గురించి. సైన్యంలో పనిచేసేవాళ్ల ఉద్యోగాలను కాపాడే 1994 నాటి యూసెరా చట్టం ప్రకారం డ్రిల్‌కు సెలవు ఇవ్వననడానికి కంపెనీకి హక్కు లేదు. ఆన్‌కాల్ ఎవరు చూడాలన్నది ఆయన సమస్య. ఏడాది డ్రిల్ తేదీలన్నీ ఒకేసారి ఈమెయిల్‌లో పెట్టండి, హెచ్‌ఆర్‌కు కాపీ వేయండి. సణుగుడు సగం అక్కడే తగ్గుతుంది. కాన్పు నెలలో డ్రిల్ తేదీ పడితే దాన్ని వేరే రోజుకు మార్చమని యూనిట్‌ను ముందుగా అడగండి. అనుమతితో మారిన డ్రిల్ గైర్హాజరు కాదు.

ఇంత చెప్పినా, నిజంగా వెళ్లలేని పరిస్థితి రావచ్చు. బిడ్డకో, భార్యకో ఆరోగ్యం బాగాలేకపోవచ్చు. అప్పుడు కుటుంబ కష్టం కారణంగా విడుదల అడగొచ్చు, లేదా ఐఆర్‌ఆర్‌కు పంపమని దరఖాస్తు పెట్టొచ్చు. రెండూ కమాండర్లు ఒప్పుకోవాల్సినవే, హక్కులు కావు. ఐఆర్‌ఆర్‌లో డ్రిల్ లేదు, జీతం లేదు, కానీ పిలుపు వస్తే వెళ్లాలి. మీ ఒప్పందం పైకి ఆరేళ్లే అయినా మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు, అంటే 2029 సెప్టెంబరు దాకా మీ పేరు వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా మీ డిశ్చార్జ్ ఏ రకంగా రాస్తారో ముందే లిఖితంగా తెలుసుకోండి. 'హానరబుల్' కంటే ఒక మెట్టు కిందదైన 'జనరల్' డిశ్చార్జ్ వల్ల పౌరసత్వానికి ఇబ్బంది రాకపోయినా జీఐ బిల్ చదువు డబ్బు పోతుంది. దానికి పూర్తి 'హానరబుల్' కావాలి.

బోనస్ ఒప్పందం, దాని అనుబంధాలు, ప్రతి చెల్లింపు స్లిప్పు ఇంట్లో ఒక ఫైల్లో పెట్టుకోండి. కాలిఫోర్నియా నేషనల్ గార్డ్‌లో ఏళ్ల తర్వాత దాదాపు 10 వేల మందిని బోనస్ తిరిగి కట్టమన్న గొడవ 2016లో బయటపడింది, రక్షణ మంత్రి యాష్ కార్టర్ వసూళ్లు ఆపమనాల్సి వచ్చింది. అక్కడ చాలామంది తమ తప్పు లేకుండానే ఇరుక్కున్నారు.

మిలిటరీ వన్‌సోర్స్ అనే ప్రభుత్వ సేవలో రిజర్విస్టులకు ఆర్థిక సలహా, పన్ను రిటర్ను సాయం ఉచితం. రిటర్ను సవరణకు బయట ఫీజు కట్టే ముందు వాళ్లను అడిగి చూడండి. ఈ నెల డ్రిల్‌కు మాత్రం హ్యూస్టన్ వెళ్లి రండి, వెళ్లినప్పుడే యూనిట్ అడ్మినిస్ట్రేటర్‌ను కలిసి బదిలీ దరఖాస్తు మొదలుపెట్టండి. మాట్లాడిందంతా అదే రోజు సాయంత్రం ఈమెయిల్‌గా పంపి, జవాబు రాయమని అడగండి.