అమెజాన్ నది ఒడ్డు పల్లెల్లో జనం ఎలా బతుకుతారు?
మా తిరుపతిలో స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కాబట్టి ముందు నీళ్ల సంగతి చెప్తాను. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర నది ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. అందుకే ఇళ్లు కొయ్య స్తంభాల మీద కడతారు. కొన్ని దుంగల మీద తేలుతుంటాయి. బడికైనా ఆసుపత్రికైనా పడవే.

తిండి చేపలు, కర్రపెండలం పిండి. చేదు రకం దుంపలో సయనైడ్ విషం ఉంటుంది. దాన్ని తురిమి, అల్లిన పొడవాటి గొట్టంలో కుక్కి, సాగలాగి రసమంతా పిండేసి, పెద్ద పెనం మీద వేయిస్తే గానీ తినలేరు. ఆ ఓపికకు దండం పెట్టాలి. మలేరియా బెడద కూడా ఉంది.

నా లెక్కలో వరద కంటే కరువే పెద్ద టెన్షన్. 2023 అక్టోబరులో మనౌస్ దగ్గర నీటిమట్టం 1902లో కొలతలు మొదలయ్యాక అప్పటిదాకా ఎన్నడూ లేనంత పడిపోయింది. పడవలు బురదలో కూరుకుపోయి, పల్లెలకు తాగునీరు చేర్చడమే కష్టమైంది.