పితామహుడంటే తాత కదా?

సందేహం: అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రపై తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఇంగ్లీషులో వాల్టర్ క్యాంప్‌ను ఆ ఆటకు 'ఫాదర్' అంటారు. నేను 'పితామహుడు' అని రాస్తే, అది తాత అవుతుందని మిత్రుడొకరు 'జనకుడు' అని దిద్దారు. ఏది సరి? చికాగో బేర్స్ జట్టును నడిపిన జార్జ్ హలాస్‌కున్న 'పాపా బేర్', పేరున్న కోచ్ గ్లెన్ వార్నర్‌కున్న 'పాప్' అనే ముద్దుపేర్లను తెలుగు చెయ్యవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన అర్థం సరైనదే, దిద్దుబాటే అక్కర్లేదు. పితామహుడంటే తండ్రికి తండ్రి. 'గొప్ప తండ్రి' అని కొందరు విడదీస్తారు గానీ, మాతామహుణ్ణి పక్కన నిలబెడితే ఆ పొరపాటు తేలిపోతుంది. ఆయన తల్లికి తండ్రి, గొప్ప తల్లి కాదు!

అయితే బిరుదుల్లోకి వచ్చేసరికి ఈ మాట చుట్టరికం వదిలి పెద్దరికం పట్టుకుంది. అల్లసాని పెద్దన ఆంధ్ర కవితా పితామహుడు. ఆయన 16వ శతాబ్దివాడు, నన్నయ 11వ శతాబ్దివాడు. తెలుగు కవిత్వాన్ని పుట్టించింది పెద్దన కాదని తెలిసే ఆ బిరుదిచ్చారు, మనమూ తెలిసే వాడుతున్నాం.

క్యాంప్ విషయమూ సరిగ్గా ఇంతే. ఈ ఆటలో తొలి కళాశాల పోటీగా లెక్కించేది రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు 1869 నవంబర్ 6న ఆడినది. అప్పటికి క్యాంప్ పదేళ్ల పిల్లవాడు. అందుకే 'జనకుడు' చరిత్రకు అతకదు. ఆయన చేసింది మలచడం. ఆయన పట్టుబట్టిన మార్పుల వల్లే 1880లో జట్టు 15 మంది నుంచి 11కు తగ్గింది. రగ్బీలోలా రెండు జట్లూ బంతి కోసం తోసుకునే పద్ధతి పోయి, గీతకు చెరోవైపు నిలబడి, బంతి ఉన్న జట్టు దాన్ని వెనక్కి అందించుకుని ఆట మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. దాంతో కొత్త చిక్కు పుట్టింది. బంతి దక్కిన జట్టు ముందుకు పోకుండా, వదలకుండా కాలం గడిపేసేది. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ ఆట అలాగే చప్పగా ముగిసింది. విరుగుడుగా 1882లో, మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు పోవాలన్న నియమం పెట్టారు. (నేటి నాలుగు ప్రయత్నాలు, 10 గజాల లెక్క 1912 నుంచి.) కొలతకోసం ఐదేసి గజాలకొక గీత గీస్తే మైదానం మాంసం కాల్చే ఇనప కమ్మీల చట్రంలా కనబడింది. మైదానానికి 'గ్రిడైరన్' అన్న పేరు అలా వచ్చింది.

ఇంత చేసినవాణ్ణి నిస్సంకోచంగా పితామహుడనండి. 'ఫుట్‌బాల్ పిత' మాత్రం వద్దు. 'జాతిపిత'లో కుదిరినట్టు ఆ మాట ఇక్కడ కుదరదు, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. 'అమెరికన్' అన్న మాట వదిలెయ్యకండి, వదిలేస్తే మనవాళ్లకు స్ఫురించేది సాకర్. 'కాలిబంతి' అసలే పనికిరాదు, ఈ ఆటలో బంతి ఎక్కువసేపు ఉండేది చేతుల్లోనే.

ముద్దుపేర్లను తెలుగు చెయ్యకండి. 'పాపా'లో దీర్ఘం జారితే చికాగో బేర్స్ పెద్దాయన కాస్తా చంటిపాప అవుతాడు. 'తండ్రి ఎలుగు' అంటే జట్టు పేరుతో ఉన్న ముడి తెగిపోతుంది. పేరు ఉన్నదున్నట్టు రాసి, 'బేర్స్ జట్టుకు ఇంటిపెద్ద లాంటివాడు కనుక' అని వెంటనే కలపండి. గ్లెన్ వార్నర్‌ను 'పాప్' అన్నది తండ్రి అయినందుకు కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తోటి ఆటగాళ్లలో చాలామంది కంటే వయసులో పెద్దవాడు కావడంతో అలా పిలిచారు. అక్కడ 'నాన్న' అని రాస్తే అర్థమే మారిపోతుంది.