తుడా పరిధిలో వృద్ధాశ్రమం: జోన్ మార్పు ఫైలు ఎక్కడ ఆగుతుంది?

మీరు అడిగింది ఇదీ: చంద్రగిరి మండలంలో ట్రస్టు పేరున 60 సెంట్లు ఉంది, మాస్టర్ ప్లాన్‌లో అది వ్యవసాయ జోన్. కేంద్రం గ్రాంటుతో 25 మంది పెద్దలకు ఆశ్రమం కట్టాలి. పక్క వెంచర్ వాళ్లు "మేం ఒప్పుకోం" అంటున్నారు. వాళ్లు ఆపగలరా?

పక్కవాళ్ల కన్నా ముందు మిమ్మల్ని ఆపేది మీ కాగితాలే. సర్వే నంబరు మీద తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) నుంచి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. జోనింగ్ నిబంధనల్లో ఆ జోన్‌లో ఏవేవి కట్టుకోవచ్చో జాబితా ఉంటుంది. వృద్ధాశ్రమం అందులో ఉంటే జోన్ మార్చే పనే లేదు, నేరుగా ప్లాన్ అనుమతికి వెళ్లొచ్చు. లేకపోతేనే మార్పు దరఖాస్తు. గతంలో నాలా (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చే పన్ను) కట్టిన రశీదు చూపించి "మార్పిడి అయిపోయింది కదా" అనేవాళ్లు చాలామంది. అది రెవెన్యూ లెక్క. మాస్టర్ ప్లాన్ జోన్‌కూ దానికీ సంబంధం లేదు.

రీసర్వే జరిగిన ఊళ్లలో ఇంకో చిక్కుంది. అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డుల్లో ఇప్పుడు ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఇచ్చిన కొత్త నంబరు) కనిపిస్తుంది. మీ దస్తావేజు, పాత ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం), మాస్టర్ ప్లాన్ మాత్రం పాత సర్వే నంబరు మీదే ఉంటాయి. రెండింటికీ పొంతన చూపే కాగితం సర్వేయర్ దగ్గర తీసుకుని ఫైల్లో పెట్టండి. పెట్టకుంటే అభ్యంతరాల ప్రకటనలో నంబరు తప్పు పడుతుంది, ఎదుటివాళ్లు ఆ ఒక్క తప్పు పట్టుకుని ప్రకటన మళ్లీ వేయమంటారు. విస్తీర్ణం కూడా అంతే. ఊళ్లో అంకణాల్లో, సెంట్లలో ఎంత చెప్పుకున్నా దరఖాస్తులో చదరపు మీటర్లే. 60 సెంట్లంటే సుమారు 2,428. దాన్ని ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ కొలతల పటం) కొలతలతో సరిచూసుకోండి. 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) కూడా ముందే చూడండి. తిరుపతి చుట్టుపక్కల మఠం, దేవాదాయ, అసైన్డ్ భూములు తక్కువేం కాదు.

చెరువు దగ్గరుంటే దూరం కొలవాల్సింది ఇప్పుడు నీళ్లున్న చోటు నుంచి కాదు, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి. 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువైతే 30 మీటర్లు వదిలి కట్టాలి, అంతకన్నా చిన్నదైతే 9. వాగు, కాలువ 10 మీటర్ల కన్నా వెడల్పుంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, లోపైతే 2. ఏళ్ల తరబడి ఎండిన చెరువే కదా అనుకోవద్దు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి, రాయలచెరువు ఎలా ఉన్నాయో అందరూ చూశారు. నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) దరఖాస్తుతో పాటే పెడితే మేలు.

ఇక అభ్యంతరాలు. మార్పు ముసాయిదా ప్రకటించాక మామూలుగా 15 రోజులు గడువిస్తారు. ఆపైన తుడా నివేదిక పురపాలక శాఖకు వెళ్తుంది, చివరి మాట ప్రభుత్వ జీవోదే. "రోజూ అంబులెన్సులొస్తాయి, చావులవుతాయి, ప్లాట్ల రేటు పడిపోతుంది" అని రాసిచ్చేవాటికి ప్లానింగ్ పరంగా బలం లేదు. వాటికి కోపంగా నాలుగు పేజీల జవాబు రాసి లాభం లేదు. బలమున్నవి మూడే: దారి వెడల్పు, వాననీరు, మురుగు.

వీటిలో మురుగు దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. 25 మంది పెద్దలు, 8 మంది సిబ్బంది, తలకు 135 లీటర్ల లెక్కన రోజుకు దాదాపు 4,500 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ లేని చోట ఇదంతా సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంతల్లోకే పోవాలి. ఇంకుడు గుంతకు తాగునీటి బావి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. కాబట్టి సైట్ ప్లాన్‌లో మీ బోరు ఒక్కటే కాదు, పక్క ప్లాట్లలో బోర్లు ఎక్కడున్నాయో గుర్తించి దూరాలు వేయించండి. "మా బోరు చెడిపోతుంది" అన్న అభ్యంతరానికి ఆ ఒక్క డ్రాయింగే జవాబు. నేల బంకమట్టి అయితే ఇంకుడు గుంత లెక్క తప్పుతుంది. ముందే గుంత తీసి నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతుందో చూడండి.

జీవో వచ్చాక మార్పిడి రుసుము గడువులోగా కట్టేయండి, లేదంటే పడ్డ కష్టమంతా వృథా. ప్లాన్ ఎల్‌టీపీ (లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు) ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టాలి. భవనాన్ని మామూలు అపార్ట్‌మెంటుగా చూపించొద్దు. జాతీయ భవన నియమావళి 2016 వృద్ధాశ్రమాలను సంస్థాగత వర్గంలో పెట్టింది, మెట్లు, బయటికి పోయే దారుల లెక్క దాన్నిబట్టి మారుతుంది. ర్యాంపు వాలు 1:12. అరుగు రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు ఎత్తితే ర్యాంపు ఒక్కటే 7.2 మీటర్లు, ల్యాండింగులు అదనం. దీన్ని మొదటే గీయకుంటే చివర్లో సెట్‌బ్యాక్‌లోకి (భవనం చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటు) తోస్తారు, ఫైలు వెనక్కొస్తుంది. తలుపులు 90 సెంటీమీటర్లు, బాత్రూంలో చక్రాల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల చోటు.

గ్రాంటు మీద ఒక మాట. అటల్ వయో అభ్యుదయ యోజన కింద 25 మంది ఆశ్రమానికి ఇచ్చే డబ్బు ముఖ్యంగా నడిపే ఖర్చుకు: తిండి, మందులు, సిబ్బంది జీతాలు, అద్దె. గోడలకు ఇవ్వరు. సంస్థ మామూలుగా రెండేళ్లు పనిచేసి ఉండాలి, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల కేంద్ర నమోదు) ఉండాలి, దరఖాస్తు ఈ-అనుదాన్ అనే కేంద్ర పోర్టల్‌లో. అందుకని కట్టడానికి డబ్బు వేరే చూసుకోండి. వీలైతే ముందు అద్దె భవనంలో ఆశ్రమం మొదలుపెట్టి, జోన్ ఫైలు పక్కన నడిపించండి. ఆ రెండేళ్లూ లెక్కలోకి వస్తాయి.